మెదడు లయను ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కొలవాలి?

కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్‌కు పైన, నెత్తి మీద ఎలక్ట్రోడ్ అంటించి మనిషిని ఒక బటన్ నొక్కమంటే, సెకనుకు 13 నుంచి 30 సార్లు ఊగే బీటా లయ కొద్ది సెకన్లలోనే మూడు పోకడలు పోతుంది. వేలు కదలకముందే తగ్గడం మొదలుపెడుతుంది. కదులుతున్నంతసేపూ అడుగునే ఉంటుంది. వేలు ఆగిన తర్వాత, సుమారు అర సెకను నుంచి ఒక సెకను గడిచేసరికి, మొదటున్న మట్టాన్ని కూడా దాటి పైకి లేస్తుంది. ఇప్పుడు ఎవరైనా "ఈ పనిలో బీటా పెరిగిందా, తగ్గిందా?" అని అడిగితే, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని తిరిగి అడగక తప్పదు.

పరిశోధకులు టైమ్ విండో అని పిలిచే ఈ కాలఖండం చాలా పేపర్లలో ఒక్క వాక్యంతో సరిపోతుంది. "ఉద్దీపన ఇచ్చాక 300 నుంచి 700 మిల్లీసెకన్ల మధ్య సగటు తీశాం" అని రాసి ముందుకు వెళ్లిపోతారు. 300 ఎందుకు, 700 ఎందుకు అన్నది తరచూ చెప్పరు. ఫలితాలు రాసేచోట మాత్రం ఆ రెండు అంకెల మధ్య దొరికిన తేడాకు పేజీల కొద్దీ వ్యాఖ్యానం ఉంటుంది. ఆ రెండు అంకెలూ పరికల్పనలో భాగమేనని, మిగతా పరికల్పనకు ఎంత ఆధారం అడుగుతామో వాటికీ అంతే అడగాలని ఈ వ్యాసంలో నా వాదన. దానికి బీటా లయే మంచి ఉదాహరణ కనుక ఎక్కువగా దాన్నే పట్టుకుని నడుస్తాను.

బీటా కథ పాతదే. 1949లో మాంట్రియల్‌లో హెర్బర్ట్ జాస్పర్, వైల్డర్ పెన్‌ఫీల్డ్ శస్త్రచికిత్స జరుగుతున్న రోగుల మెదడు పొర మీదే నేరుగా ఎలక్ట్రోడ్లు ఉంచి, పిడికిలి బిగించినప్పుడు అక్కడి బీటా లయ ఆగిపోవడం నమోదు చేశారు. 1977లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి గెర్ట్ ఫుర్ట్‌షెల్లర్, అరానిబార్ ఇలాంటి తగ్గుదలను అంకెల్లో పెట్టే పద్ధతి ఇచ్చారు. ఘటనకు ముందు ఒక ప్రశాంతమైన వ్యవధిని కొలబద్దగా పెట్టుకుని, ఘటన సమయంలో లయ బలం దానికంటే ఎంత శాతం పెరిగిందో తగ్గిందో లెక్కగట్టడం ఆ పద్ధతి. ఈనాటికీ దాదాపు అందరూ చేస్తున్నది అదే. అంటే లెక్క మొదలయ్యేసరికే రెండు కాలఖండాలు ఎంచుకోవాలి. ఘటనకు ఒకటి, కొలబద్దకు ఒకటి. రెండింట్లో ఏది అటూ ఇటూ జరిగినా శాతం మారిపోతుంది.

తప్పించుకోలేని బేరం

ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేని హద్దు ముందు చెప్పుకోవాలి. లయ అన్నది ఒక్క క్షణంలో ఉండేది కాదు. సెకనుకు పదిసార్లు ఊగే ఆల్ఫా ఒక ఊపు పూర్తి చేయడానికే 100 మిల్లీసెకన్లు పడుతుంది. నాలుగుసార్లు ఊగే థీటాకు 250. అర సెకను ముక్కను తీసుకుని ఫోరియర్ లెక్క వేస్తే పౌనఃపున్యాలు 2 హెర్ట్జ్ అంచెల్లో వస్తాయి. ముక్కను 200 మిల్లీసెకన్లకు కుదిస్తే అంచె 5 హెర్ట్జ్ అవుతుంది, అప్పుడు థీటా ఎక్కడ ముగిసి ఆల్ఫా ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పోనీ ఒక సెకను తీసుకుందామంటే పౌనఃపున్యం చక్కగా విడిపోతుంది కానీ, ఆ సెకనులోనే మనిషి బొమ్మ చూడడం, నిర్ణయించుకోవడం, నొక్కడం అన్నీ అయిపోతాయి.

కాలంలో స్పష్టత, పౌనఃపున్యంలో స్పష్టత రెండూ కలిపి ఒక మేర కంటే దక్కవని డెనిస్ గేబర్ 1946లో గణితంగా చూపారు. హోలోగ్రఫీకి 1971లో నోబెల్ అందుకున్నది ఈయనే. తర్వాత వచ్చిన పద్ధతులన్నీ ఈ బేరాన్ని వేర్వేరు చోట్ల కుదుర్చుకున్నవే. భూమిలో చమురు వెతికే భూకంప తరంగాల విశ్లేషణలోంచి వచ్చిన జాన్ మోర్లే వేవ్‌లెట్, నెమ్మది లయలకు వెడల్పు కాలాన్నీ వేగం లయలకు ఇరుకు కాలాన్నీ ఇస్తుంది. డేవిడ్ థామ్సన్ 1982లో ప్రతిపాదించిన మల్టీటేపర్ పద్ధతి ఒకే ముక్కను వేర్వేరు రూపాల్లో తూచి సగటు తీస్తుంది. అర సెకను ముక్కకు అటూ ఇటూ 4 హెర్ట్జ్ మసకను ఒప్పుకుంటే మూడు తూకాలు వస్తాయి, అంచనా కొంచెం నిలకడగా ఉంటుంది. 40 హెర్ట్జ్ దగ్గర ఆ మసక పెద్ద నష్టం కాదు. 6 హెర్ట్జ్ దగ్గర అయితే థీటానే మింగేస్తుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని లెక్క ఒకటి ఉంది. ఏడు ఊపుల మోర్లే వేవ్‌లెట్ వాడితే, 10 హెర్ట్జ్ దగ్గర దాని కాల విస్తృతి, ప్రామాణిక విచలనంలో చెప్పాలంటే, సుమారు 111 మిల్లీసెకన్లు. 40 దగ్గర 28. 4 హెర్ట్జ్ దగ్గర దాదాపు 280. రెండు విచలనాల దాకా లెక్కేసుకుంటే, 4 హెర్ట్జ్ దగ్గర "సున్నా మిల్లీసెకను" అని పటం మీద చూపించే చుక్కలో అటు అర సెకను పైన, ఇటు అర సెకను పైన సమాచారం కలిసి ఉంటుంది. రంగుల పటంలో అది ఒక చుక్కగానే కనిపిస్తుంది. థీటా తేడా ఉద్దీపనకు 200 మిల్లీసెకన్ల ముందే మొదలైందని ఎవరైనా రాస్తే, వేవ్‌లెట్ ఎన్ని ఊపులదో చూడకుండా నమ్మకూడదు. ఉద్దీపన తర్వాత వచ్చిన పెద్ద స్పందన వెనక్కి కారి, ముందే వచ్చినట్టు కనిపించే అవకాశం ఉంది.

ఇది కేవలం ఊహ కాదనడానికి ఒక వివాదం ఉంది. కనీకనిపించని కాంతి మెరుపును మనిషి చూస్తాడా లేదా అన్నది, మెరుపుకు సుమారు 120 మిల్లీసెకన్ల ముందు 7 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉన్న లయ ఏ దశలో ఉందన్నదానితో ముడిపడి ఉందని 2009లో బుష్, డుబోయిస్, వాన్‌రుల్లెన్ ప్రచురించారు. ఆ పౌనఃపున్యంలో ఒక్క ఊపు వ్యవధి 143 మిల్లీసెకన్లు. అంటే చెబుతున్న దూరం ఒక ఊపు కంటే తక్కువ. వినీవినిపించని శబ్దాలతో చేసిన ప్రయోగంలో అలాంటి సంబంధం కనబడలేదని జోఫెల్, హైల్ 2013లో నివేదించారు. చూపు వేరు, వినికిడి వేరు కనుక రెండోది మొదటిదాన్ని కొట్టేసిందని అనలేం. ఇలాంటి ప్రశ్నల్లో విశ్లేషణ విండో కుడి అంచు ఉద్దీపనను తాకుతోందా లేదా అన్నది గణితపు చాదస్తం అనుకోవడానికి మాత్రం వీల్లేదు.

గడియారం దేనికి కట్టాలి?

మళ్లీ బటన్ దగ్గరికి వద్దాం. రెండు బృందాలు ఉన్నాయనుకోండి, ఒకటి యువకులది, ఒకటి వృద్ధులది. తెర మీద బొమ్మ రాగానే నొక్కాలి. యువకులు సగటున 450 మిల్లీసెకన్లకు, వృద్ధులు 600కు నొక్కుతారనుకుందాం. ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు మాత్రమే. ఇద్దరి బీటా లయా ఒకే తీరుగా నడుస్తుందనీ, వేలు ఆగిన అర సెకనుకు పైకి లేస్తుందనీ అనుకుందాం. నొక్కి వదలడానికి 100 మిల్లీసెకన్లు వేసుకుంటే, యువకుల్లో ఆ ఎదుగుదల బొమ్మ వచ్చిన 1050 మిల్లీసెకన్ల దగ్గర మొదలవుతుంది, వృద్ధుల్లో 1200 దగ్గర. పరిశోధకుడు బొమ్మ నుంచి లెక్కపెట్టి 800 నుంచి 1200 వరకు సగటు తీశాడు. యువకుల విండోలో ఎదుగుదల కొంత పడింది, వృద్ధుల విండోలో అసలు పడలేదు. గణాంకాలు గట్టి తేడా చూపిస్తాయి. "వయసుతో కదలిక తర్వాతి బీటా ఎదుగుదల బలహీనపడుతుంది" అన్న శీర్షిక సిద్ధం. లయలో మార్పేమీ లేదు, ప్రతిస్పందన ఆలస్యమైంది అంతే.

విరుగుడు తేలికగానే తోస్తుంది. కదలిక గురించి అడుగుతున్నాం కనుక గడియారాన్ని కదలికకే కట్టాలి, బటన్ నొక్కిన క్షణాన్ని సున్నా అనుకుని లెక్కపెట్టాలి. చాలావరకు అది మంచిదే. అయితే అలా కట్టినప్పుడు బొమ్మ చూసిన స్పందన ట్రయల్ ట్రయల్‌కూ, అంటే ఒక్కో ప్రయత్నానికీ, వేర్వేరు చోట్ల పడి, సగటులో చెదిరిపోయి, కదలికకు ముందున్న ఏదో నెమ్మది మార్పులా కనిపిస్తుంది. వేగంగా నొక్కిన ట్రయల్స్‌లో అది దగ్గరగా, నిదానంగా నొక్కినవాటిలో దూరంగా ఉంటుంది. అందుకే జాగ్రత్తపరులు రెండు గడియారాలతోనూ చూపిస్తారు, ప్రతిస్పందన సమయాలను రెండు బృందాల మధ్య సరిచూసుకుంటారు.

గడియారాన్ని కదలికకు కట్టడంలో ఇంకా లోతైన చిక్కు ఉంది. స్వచ్ఛందంగా వేలు కదపమన్నప్పుడు కదలికకు ముందు మెల్లగా ఎదిగే విద్యుత్ మార్పును కార్న్‌హుబర్, డీకె 1965లో వర్ణించారు. 1983లో బెంజమిన్ లిబెట్ బృందం ఆ మార్పు మనిషికి తన ఉద్దేశం తెలియడానికంటే ముందే మొదలవుతుందని చెప్పి, స్వేచ్ఛాసంకల్పం గురించి పెద్ద చర్చకు తెరతీసింది. 2012లో షుర్గర్, సిట్, డెహేన్ దీనికి వేరే వ్యాఖ్యానం ఇచ్చారు. మెదడులో ఎప్పుడూ ఉండే నెమ్మది ఒడుదొడుకులు ఒక గీతను దాటినప్పుడల్లా కదలిక జరుగుతుందనుకుంటే, కదలిక క్షణం నుంచి వెనక్కి చూస్తూ సగటు తీసినప్పుడు ఎదుగుదల తప్పనిసరిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఎదిగిన ఒడుదొడుకులనే మనం ఏరుకున్నాం. గీత దాటకుండా తిరిగి కిందికి జారిన ఎదుగుదలలు ఆ సగటులోకి రావు. ఈ వ్యాఖ్యానం మీద కూడా వాదనలున్నాయి. అయినా ఒక మాట దీనితో స్థిరపడింది. సున్నా క్షణాన్ని ఎంచుకోవడమే ఒక ఏరివేత, ఏరివేతకు దాని సొంత ఆకారం ఉంటుంది.

ఎలుకలతో చేసే పనుల్లో ఈ సమస్య రూపం మారుతుంది. టీ ఆకారపు దారిలో ఎలుక కుడికో ఎడమకో తిరగాలి. ఒక్కో పరుగు ఒక్కో వేగంతో ఉంటుంది, హిప్పోకాంపస్‌లోని థీటా లయేమో వేగాన్ని బట్టి మారుతుంది. సరైన పరుగులు వేగంగా, తప్పు పరుగులు తడబాటుతో జరిగితే జ్ఞాపకం, వేగం కలిసిపోతాయి. కొందరు పరుగులన్నింటినీ ఒకే పొడవుకు సాగదీసి పోలుస్తారు. అప్పుడు సాగదీయాల్సింది లయ బలాన్ని. ముడి సంకేతాన్నే సాగదీస్తే 8 హెర్ట్జ్ థీటా 6 అయి కూర్చుంటుంది.

సగటులో కనిపించే కొండ, ట్రయల్‌లో కనిపించని కొండ

ఇంతవరకూ లయ అంటే ఒక వ్యవధి పొడవునా ఉండే వస్తువన్నట్టు మాట్లాడాను. బీటా విషయంలో ఆ ఊహకే ఇటీవల ఆధారాలు తగ్గాయి. కోతుల్లో స్ట్రయాటమ్, మోటార్ కార్టెక్స్‌ల నుంచి రికార్డు చేసిన ఫైన్‌గోల్డ్, గ్రేబీల్ బృందం 2015లో, లుండ్‌క్విస్ట్, ఎర్ల్ మిల్లర్ బృందం 2016లో కోతుల ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుంచి, అదే ఏడాది షెర్మన్, స్టెఫనీ జోన్స్ బృందం ప్రధానంగా మనుషుల నుంచి, బీటా పొట్టి పొట్టి బర్స్ట్‌లుగా వస్తుందని చూపించారు. షెర్మన్ బృందం వర్ణించిన బర్స్ట్‌లు సుమారు 150 మిల్లీసెకన్లకు లోపే, రెండు మూడు ఊపులతో ముగిసిపోతాయి. ట్రయల్స్ అన్నీ కలిపి సగటు తీస్తే మాత్రం ఎత్తుపల్లాలు నున్నగా మారి, సెకను పొడవునా సాగే కొండలా కనిపిస్తుంది. నెల వానను రోజులకు పంచి లెక్కేస్తే రోజూ సన్నని జల్లు పడినట్టే ఉంటుంది, పడింది మాత్రం నాలుగు రోజుల కుండపోత.

దీనివల్ల విండో ఎంపిక అర్థం మారిపోతుంది. అర సెకను విండోలో సగటు బీటా తగ్గిందంటే మూడు కారణాలు ఉండొచ్చు. బర్స్ట్‌ల సంఖ్య తగ్గి ఉండొచ్చు, ఒక్కోటి చిన్నదై ఉండొచ్చు, లేదా అవి విండో బయటికి జరిగి ఉండొచ్చు. ఒక్క సగటు అంకె ఈ మూడింటినీ విడదీయదు. మనుషుల్లోనూ ఎలుకల్లోనూ, ఉద్దీపనకు ముందున్న ఒక సెకనులో బీటా ఘటనలు ఎన్ని వచ్చాయన్నది, ఆ తర్వాత స్పర్శను గుర్తించారా లేదా అన్నదానితో ముడిపడి ఉందని షిన్, జోన్స్ తదితరులు 2017లో చూపించారు. 2019లో సైమన్ లిటిల్ బృందం కదలికకు ముందు బీటా బర్స్ట్‌లు ఎప్పుడు వచ్చాయన్నది ప్రతిస్పందన వేగంతో, కదలిక తర్వాతివి పొరపాట్లతో ముడిపడి ఉన్నాయని నివేదించింది. ఇవి సగటు బలం చెప్పని సంగతులు.

అంత మాత్రాన బర్స్ట్ లెక్కింపు విండో సమస్యను తీర్చేసిందని సంబరపడలేం. బర్స్ట్ అంటే ఏదో ఒక గీత దాటిన బలం. గీత ఎక్కడ గీయాలన్నది మరో ఎంపిక. మధ్యస్థానికి ఆరు రెట్లా, 75వ శతాంశమా, ట్రయల్ మొత్తం చూసి గీయాలా, విశ్రాంతి వ్యవధి చూసి గీయాలా? లయేమీ లేని, కేవలం యాదృచ్ఛిక శబ్దాన్ని బీటా పట్టీలో వడపోసినా దానిలోనూ గీత దాటే ముక్కలు కొన్ని దొరుకుతాయి. ఆ సంఖ్యతో పోల్చకుండా బర్స్ట్‌ల గురించి రాసిన పేపరును నేను కొంచెం అనుమానంతోనే చదువుతాను.

కొలబద్ద కూడా కదులుతుంది

ఫుర్ట్‌షెల్లర్ సూత్రంలో రెండో సగం కొలబద్ద. దాని మీద పడాల్సినంత దృష్టి పడదు. బటన్ నొక్కే ప్రయోగంలో ట్రయల్‌కూ ట్రయల్‌కూ మధ్య రెండు సెకన్లే విరామం ఉంటే, ముందు ట్రయల్‌లో లేచిన బీటా ఇంకా దిగకముందే తర్వాతి ట్రయల్ కొలబద్ద మొదలైపోవచ్చు. అప్పుడు కొలబద్ద ఎత్తుగా ఉండి, కదలికలో తగ్గుదల లేనంత పెద్దదిగా కనిపిస్తుంది. ఉద్దీపన ఎప్పుడు వస్తుందో మనిషి పసిగట్టగలిగితే చిక్కు మరో రూపంలో వస్తుంది. చూపుకు సంబంధించిన ఆల్ఫా ఉద్దీపన రాకముందే సర్దుకుంటుంది, ఆ సర్దుబాటు కొలబద్దలోకే చేరుతుంది. అందుకే ఉద్దీపనకు ముందు భాగంలో ఏ తేడా లేదని విడిగా, ముడి అంకెల్లో చూపించడం అవసరం. వేవ్‌లెట్ విస్తృతి గుర్తుంటే, కొలబద్ద కుడి అంచును సున్నా దగ్గర కాకుండా కొంత వెనక్కి జరపడం కూడా అవసరమే.

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సుప్రతిమ్ రే ప్రయోగశాల చేసిన పని ఈ విషయంలో చూడదగ్గది. దినవహి మూర్తి, రే తదితరులు పెద్ద గీతల చిత్రాలు చూపించి, వృద్ధుల్లో వయసుతో గామా లయ (బీటా కంటే వేగంగా ఊగేది) తగ్గుతుందని 2020లోనూ, స్వల్ప మతిమరుపు, అల్జీమర్స్ ఉన్నవారిలో అది ఆరోగ్యవంతుల కంటే బలహీనంగా ఉందని 2021లోనూ ప్రచురించారు. వాళ్లు కొలిచిన కాలఖండం చిత్రం వచ్చిన తర్వాత 250 నుంచి 750 మిల్లీసెకన్లు. కొలబద్ద చిత్రానికి ముందు అర సెకను. రెండూ ఒకే పొడవు కనుక పౌనఃపున్యం అంచె రెండింట్లోనూ 2 హెర్ట్జే, పోలిక సమానంగా కుదురుతుంది. మొదటి 250 మిల్లీసెకన్లను వదిలేయడానికి కారణం చెప్పారు. చిత్రం హఠాత్తుగా కనిపించడం వల్ల లేచే ఉలికిపాటు స్పందన అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకుని, నిలకడగా సాగే గామాను కప్పేస్తుంది. విండోకు సమర్థన ఇలా ఉండాలని నాకు అనిపిస్తుంది. అడుగుతున్న ప్రశ్న నిలకడైన లయ గురించి కనుక నిలకడ వచ్చాకే కొలిచారు.

గామా విషయంలో ఆ జాగ్రత్త వెనుక ఒక చేదు అనుభవం ఉంది. 1996లో తాలోన్-బోద్రీ బృందం కనిజ్సా త్రిభుజం లాంటి బొమ్మలు చూసినప్పుడు సుమారు 280 మిల్లీసెకన్ల దగ్గర 40 హెర్ట్జ్ పరిసరాల్లో గామా పెరుగుతుందని నివేదించాక, 200 నుంచి 350 మిల్లీసెకన్ల మధ్య గామాను కొలిచి వస్తువును గుర్తించడం, చైతన్యం లాంటి వాటితో ముడిపెట్టిన పనులు చాలా వచ్చాయి. 2008లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయం నుంచి యువల్-గ్రీన్‌బర్గ్, డెఊవెల్ తదితరులు కంటి కదలికలను కూడా కలిపి కొలిచారు. బొమ్మ కనిపించగానే కళ్ల సూక్ష్మ కదలికలు కొంతసేపు ఆగి, సరిగ్గా ఆ 200 నుంచి 350 మిల్లీసెకన్ల ప్రాంతంలోనే మళ్లీ ఎక్కువవుతాయి. ప్రతి సూక్ష్మ కదలికతో పాటు కంటి కండరం నుంచి ఒక మొన లాంటి విద్యుత్ సంకేతం వచ్చి, నెత్తి మీది విద్యుత్ రికార్డింగ్ అయిన ఈఈజీలో చేరుతుంది. నెత్తి మీద నుంచి కొలిచిన, విశాలమైన పట్టీలో కనిపించే ఆ తాత్కాలిక గామాలో చాలా భాగం దాని నుంచే వస్తోందని వాళ్లు చూపించారు. బొమ్మ మారితే సూక్ష్మ కదలికల తీరూ మారుతుంది కనుక, బొమ్మల మధ్య "గామా తేడా" కూడా దానంతటదే వచ్చేస్తుంది. మెదడు లోపల ఎలక్ట్రోడ్లతో కొలిచిన గామాను ఇది కొట్టేయదు. నిర్దిష్ట కాలఖండం ఒకటి పదే పదే పనిచేస్తోందంటే ఆ సమయంలో శరీరంలో ఇంకేం జరుగుతోందో కూడా చూడాలని ఈ ఉదంతం నుంచి తెలుస్తుంది. బెంగళూరు బృందం కంటి సూక్ష్మ కదలికలను విడిగా పరిశీలించడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

చూసి ఎంచుకోవడం

ఇప్పుడు అందరికీ తెలిసిందే కానీ అందరూ ఒప్పుకోని అలవాటు. మొదట ప్రయోగంలోని రెండు షరతుల తేడాను రంగుల పటంగా గీస్తారు. ఎర్రగా మెరిసిన చోట చట్రం గీస్తారు. ఆ చట్రంలోని సగటు మీద టి-పరీక్ష చేసి ఫలితం గట్టిగా ఉందంటారు. ఎర్రగా ఉన్నచోటును ఎంచుకుని, అది ఎర్రగా ఉందా అని పరీక్షించడం అది. 2008లో ఐదు పేరున్న పత్రికల్లో వచ్చిన 134 ఎఫ్ఎమ్‌ఆర్‌ఐ పేపర్లను చూసి, 42 శాతం వాటిలో ఇలా ఎంపికా పరీక్షా ఒకే డేటా మీద ఆధారపడిన విశ్లేషణ కనీసం ఒకటి ఉందని క్రీగెస్కోర్టె, సహచరులు 2009లో లెక్క తేల్చారు. అది మెదడు చిత్రాల లెక్క, లయలకు దాన్ని నేరుగా అన్వయించలేం. లయల్లో కాలం, పౌనఃపున్యం, ఎలక్ట్రోడ్ అని మూడు దిక్కుల్లో ఏరుకునే స్వేచ్ఛ ఉంది కనుక ప్రమాదం తక్కువని అనుకోవడానికి మాత్రం కారణం కనిపించదు.

లెక్క చిన్నదే. ఏ తేడా లేని డేటాలో ఒకదానితో ఒకటి సంబంధం లేని పది విండోలను ఒక్కోటి 5 శాతం పరిమితితో పరీక్షిస్తే, కనీసం ఒక దొంగ ఫలితం దొరికే అవకాశం 40 శాతం. పక్కపక్క విండోలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక నిజానికి కొంత తగ్గుతుంది. ఎలక్ట్రోడ్లు, పౌనఃపున్య పట్టీలు కలిస్తే మళ్లీ పెరుగుతుంది. స్టీవెన్ లక్, నికొలస్ గాస్పెలిన్ 2017లో రాసిన పేపరు శీర్షికలోనే ఎత్తిపొడుపు ఉంది. ఘటనకు మెదడు ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే ఏ ఈఆర్‌పీ ప్రయోగంలోనైనా సరే గణాంకపరంగా గట్టి ఫలితం రాబట్టడం ఎలాగో, ఎందుకు అలా చేయకూడదో చెబుతామన్నారు. అందులో వాళ్లు ఎత్తి చూపిన దారుల్లో విండోను డేటా చూశాక ఎంచుకోవడం ముఖ్యమైనది.

విండోను ముందే గట్టిగా చెప్పలేని పరిస్థితులు నిజంగానే ఉంటాయి, కొత్త పని అయినప్పుడు మరీనూ. అప్పుడు రెండు షరతులనూ కలిపి తీసిన సగటులో లయ ఎక్కడ మారుతోందో చూసి విండో పెట్టి, తేడాను తర్వాత అందులో పరీక్షించవచ్చు. కలిపిన సగటుకు ఏ షరతులో ఎక్కువ ఉందో తెలియదు కనుక పక్షపాతం ఉండదని ఆ వాదన. రెండు షరతుల్లో ట్రయల్స్ సంఖ్య బాగా తేడాగా ఉంటే ఈ భరోసా సడలుతుంది. బ్రూక్స్, బౌమన్ తదితరులు 2017లో దీనికి మరమ్మతు సూచించారు. ఒక పనిలో దొరికిన విండోను వేరే మనుషుల డేటా మీద ప్రయోగించడం ఇంకా గట్టి దారి, ఖర్చుతో కూడినదైనా.

మారిస్, ఊస్టెన్‌వెల్డ్ 2007లో ఇచ్చిన క్లస్టర్ పర్మ్యుటేషన్ పరీక్ష విండో ఎంచుకోవాల్సిన అవసరాన్నే చాలావరకు తీసేసింది. కాలం, పౌనఃపున్యం, ఎలక్ట్రోడ్ పొడవునా చూసి, తేడా గుంపుగా ఎక్కడ చేరిందో పట్టుకుని, షరతుల పేర్లు తారుమారు చేస్తే అంత పెద్ద గుంపు ఎంత తరచుగా వస్తుందో పోలుస్తుంది. ఆ గుంపు 230 మిల్లీసెకన్ల దగ్గర మొదలైతే "ప్రభావం 230 దగ్గర మొదలైంది" అని రాయడం మాత్రం ఆ పరీక్ష ఇచ్చే హక్కు కాదు. రెండు షరతులు ఎక్కడో ఒకచోట వేరుగా ఉన్నాయన్నంతవరకే దాని హామీ. గుంపు అంచులు గీత ఎక్కడ పెట్టామన్నదాని మీద, శబ్దం మీద ఆధారపడతాయని సాసెన్‌హాగెన్, ద్రాష్కోవ్ 2019లో వివరంగా రాశారు. అయినా ఆ వాక్యం పేపర్లలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. సమీక్షకులు దాన్ని ఎందుకు వదిలేస్తున్నారో నాకు అర్థం కాదు.

నాకు బాగా నచ్చే పద్ధతి మాత్రం అంత ఆకర్షణీయంగా ఉండదు. ముందే రాసిపెట్టుకున్న ఒక్క విండోలో ప్రధాన ఫలితం చెప్పాలి. ఆ తర్వాత ఎడమ అంచును, కుడి అంచును కొద్దికొద్దిగా జరుపుతూ ఫలితం ఎలా మారుతుందో ఒక పటంలో చూపించాలి. 300 నుంచి 700 బదులు 250 నుంచి 650 తీసుకుంటే ప్రభావం మాయమవుతుందంటే చదివేవాడికి ఆ సంగతి తెలియాలి. 70 బృందాలకు ఒకే ఎఫ్ఎమ్‌ఆర్‌ఐ డేటా ఇచ్చి అవే తొమ్మిది పరికల్పనలు పరీక్షించమంటే జవాబులు గణనీయంగా వేరుపడ్డాయని 2020లో నేచర్‌లో వచ్చింది. విండో అంచులు జరిపి చూపించే పటం, ఆ వైవిధ్యంలో ఒక పాయను ఒకే పేపరులోపల బయటపెట్టినట్టు.

కాలఖండం పొడవు మీద ఆధారపడే ఇంకో రకం కొలతలను ఇక్కడ క్లుప్తంగానే ముట్టుకుంటాను. రెండు ప్రాంతాల మధ్య లయల పొందికను కొలిచే కోహరెన్స్ కానీ, నెమ్మది లయ దశకూ వేగం లయ బలానికీ మధ్య ముడిని కొలిచే సూచిక కానీ, ట్రయల్స్ తక్కువైనా విండో పొట్టిదైనా దానంతటదే పెరుగుతుంది. తప్పు చేసిన ట్రయల్స్ 20, సరైనవి 200 ఉంటే, "తప్పు చేసేటప్పుడు మెదడు ప్రాంతాల మధ్య పొందిక పెరిగింది" అన్న ఫలితం లెక్కలోంచే పుట్టుకొస్తుంది. సంఖ్యలు సమం చేసి చూడడం, లేదా ఈ పక్షపాతం లేని కొలతలు వాడడం తప్పనిసరి.

ముందును చూడలేని యంత్రం

ఇప్పటిదాకా చెప్పిందంతా రికార్డింగ్ పూర్తయ్యాక, తీరిగ్గా కూర్చుని చేసే విశ్లేషణ గురించి. పార్కిన్సన్స్ రోగుల మెదడులో పెట్టే ఉత్తేజక పరికరానికి ఆ తీరిక లేదు. ఈ వ్యాధిలో సబ్‌తలామిక్ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రకంలో బీటా మితిమీరుతుంది. 2017లో టింక్‌హౌసర్, పీటర్ బ్రౌన్ తదితరులు అసలు తేడా బర్స్ట్‌ల పొడవులో ఉందని చూపించారు. పొడవైన బర్స్ట్‌లు కదలిక ఇబ్బందులతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయి, లెవోడోపా మందు వాటి వాటాను తగ్గించింది. అందువల్ల బీటాను ఎప్పటికప్పుడు కొలుస్తూ, పెరిగినప్పుడు ఉత్తేజాన్ని పెంచే పరికరాలు తయారయ్యాయి. మెడ్‌ట్రానిక్ సంస్థ పరికరానికి 2025లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

ఇలాంటి పరికరం విండో ఎప్పుడూ గతంలోనే ఉంటుంది, రాబోయే అర సెకనును అది చూడలేదు. ఎక్కువసేపు సగటు తీస్తే బర్స్ట్ ముగిశాక మేలుకుంటుంది. తక్కువసేపు తీస్తే ప్రతి చిన్న ఒడుదొడుకుకూ ఉలిక్కిపడి బ్యాటరీని ఖర్చు చేస్తుంది. రోగి నిద్రపోయినా, చెయ్యి ఊరికే కదిపినా బీటా మారుతుంది కనుక గీత ఎక్కడ గీయాలన్న పాత ప్రశ్న ఇక్కడా ఉంది. వైద్యంలోకి రెండు పనితీరులు వచ్చాయి. ఒక గీతతో, బర్స్ట్ వేగాన్ని అందుకోవాలని చూసే తీరు ఒకటి. రెండు గీతల మధ్య బీటాను ఉంచుతూ, నిమిషాల మీద మెల్లగా సర్దుకునే తీరు మరొకటి. మొదటిది ఒక్కో బర్స్ట్‌ను కత్తిరించడానికి పనికొస్తుంది, రెండోది మందు వేసుకున్నాక, ప్రభావం దిగాక రోజులో వచ్చే ఎగుడుదిగుళ్లను వెంబడించడానికి. ఒకే రోగికి, ఒకే లయకు, వందల మిల్లీసెకన్ల విండో ఒక జబ్బు లక్షణాన్ని చూపిస్తే నిమిషాల విండో మరొకదాన్ని చూపిస్తుంది. డాక్టర్ ఏ తీరును ఎంచుకోవాలన్నది ఆ రోగిని ఎక్కువగా బాధపెడుతున్నది వాటిలో ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది.